బుడగల అక్షరాలు

"నేను గుండెజబ్బుల మందులు అమ్ముతాను బాబూ, బుడగలు కాదు."

ఒడిశా బరంపురంలో మా ఫ్లెక్స్ షాపుకొచ్చి, తన బోర్డు నమూనా చూసి ఒక మెడికల్ షాపు పెద్దాయన అన్నమాట ఇది. ఆయన ఒడియా మనిషి, కానీ తెలుగులోనే అన్నాడు. ఇక్కడ చాలామందికి మన మాట వచ్చు, అందుకే తిట్టు కూడా సూటిగా తగులుతుంది. "మార్చేస్తాను ఆగ్యాఁ" అన్నాను గానీ, రాత్రి గదికి చేరాక కూడా ఆ బుడగలు నన్ను వదల్లేదు.

ఆ బోర్డు మీద ఇంగ్లీషుకి నేను వాడిన ఫాంటు, అంటే అక్షరాల తీరు, క్విక్‌శాండ్. అందులో ఇంగ్లీషు 'ఓ' కంపాస్‌తో గీసిన సున్నాలా ఉంటుంది. చిన్న 'ఏ' అంటే ఆ సున్నాకే పక్కన ఒక కర్ర. గీతల చివర్లన్నీ నున్నగా అరగదీసినట్టుంటాయి. రోడ్డు అవతల నుంచి చూస్తే ఆ కర్ర కనబడదు, 'ఫార్మా' కాస్తా 'ఫోర్మో' అవుతుంది. (ఆంధ్రాలోని మా ఇచ్ఛాపురం 'అ' ఇక్కడి ఒడియా నోట్లో ఎలాగూ 'ఒ' అవుతుందనుకోండి.) ఆ తప్పు నాదే. సన్నగీత బోర్డుకి పనికిరాదని నాకు తెలియాలి.

కానీ గుండ్రమంటే పిల్లల వ్యవహారమా? వ్యాగ్ రౌండెడ్ అనే ఫాంటుని 1979లో ఫోక్స్‌వ్యాగన్ కంపెనీ తన వాడకం కోసం చేయించుకుంది. కార్లమ్మడానికి పనికొచ్చింది మాత్రలమ్మడానికి పనికిరాదా? పైగా మా పనిలో సుఖం కూడా అందులోనే ఉంది. అక్రిలిక్ అక్షరాలు కోసే రూటర్ బిట్ గుండ్రంగా తిరిగేది, లోపలి మూలల్ని పదునుగా కొయ్యలేదు. మొనదేరిన ఫాంటు ఇస్తే మూలమూలకీ ఆకురాయి పట్టుకోవాలి. గుండ్రటిది ఇస్తే టీ తాగొచ్చేసరికి పని అయిపోతుంది.

అసలు ఆయన ఒడియా అక్షరాలు మాత్రం ఏమిటి? దేవనాగరికి నెత్తిన అడ్డగీత ఉంటే వీళ్ళకి గొడుగు ఉంది. తాటాకు మీద గంటంతో అడ్డంగా గీస్తే ఆకు చీలుతుందని అలా వంచారంటారు. మన అక్షరాలకీ అదే కథ చెబుతారు. గుండ్రాల్లో పుట్టి పెరిగినవాళ్ళం, ఇంగ్లీషు గుండ్రంగా కనబడగానే బుడగ అంటామా!

ఇక్కడ బోర్డు మీద ఒడియా ఉండాల్సిందే. దానికి నేను బాలూ భాయినా అనే ఫాంటు వాడతాను, కింద తెలుగుకి బాలూ తమ్ముడు. ముంబైలో ఫాంట్లు చేసే ఏక్ టైప్ వాళ్ళు వీటిని ఒకే కుటుంబంగా చేసి, భాషకో పేరు పెట్టారు. భాయినా అంటే అన్నయ్య. వాళ్ళు సరదాకి పెట్టుంటారు గానీ ఇక్కడ అక్షరాలా అంతే: అన్నయ్య పైన పెద్దగా, తమ్ముడు కింద, జాగా మిగిలితే. మా ఊళ్ళో తెలుగుకి జాగా అడగక్కర్లేదు.

మర్నాడు ఇంగ్లీషు వరస మాత్రం లావుపాటి, మూలలున్న ఫాంటులోకి మార్చి చూపించాను. పెద్దాయన కళ్ళద్దాలు పైకెత్తి చూసి, "ఇప్పుడు మందుల షాపులా ఉంది" అన్నాడు.

అన్నింటికన్నా బొద్దుగా, గుండ్రంగా కింద కూర్చున్న తమ్ముణ్ణి ఏమీ అనలేదు. ఆయనకి తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు.