పెరటి పూల్ – 163వ రోజు: 16 మిల్లీమీటర్ల జాడ దొరికింది

ఈ ఉదయం ఏడు గంటలకు స్కేలు పెట్టి చూస్తే, గడిచిన 24 గంటల్లో పూల్‌లో నీటిమట్టం 10 మిల్లీమీటర్లు తగ్గింది. అదే నీటితో నింపి పూల్ మెట్టు మీద నిలబెట్టిన బకెట్‌లో 8 మిల్లీమీటర్లు తగ్గింది. బకెట్‌లో తగ్గేది ఆవిరి మాత్రమే; పూల్‌లో అంతకు మించి తగ్గితే అది కారిపోతున్న నీరు. దాదాపు నలభై రోజులుగా ఈ రెండు అంకెల మధ్య తేడా ఎప్పుడు తగ్గుతుందా అని ఎదురుచూస్తున్న నేను స్కేలును తుడిచి మరోసారి పెట్టి చూశాను. తేడా రెండే! పోయిన నెలలో ఇదే తేడా పదహారు ఉండేది.

కొత్తగా చదువుతున్నవారి కోసం కొలతలు మళ్ళీ ఒకసారి చెబుతాను. ఘట్‌కేసర్ దగ్గర మా ఇంటి వెనుక 7 మీటర్ల పొడవు, 3.5 మీటర్ల వెడల్పు, ఒక కొసన 0.9 మీటర్లు, మరో కొసన 1.5 మీటర్లు లోతు ఉండేలా పూల్ కడుతున్నాము. పట్టే నీరు సుమారు 29,400 లీటర్లు, అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఆరు. నీటి ఉపరితలం 24.5 చదరపు మీటర్లు కాబట్టి మట్టం ఒక్క మిల్లీమీటరు తగ్గితే 24.5 లీటర్లు పోయినట్లు లెక్క. ఆ లెక్కన ఆవిరిని మినహాయించినా రోజుకు 392 లీటర్లు, పదమూడు రోజులకు ఒక ట్యాంకరు, ఎక్కడికో ఇంకిపోతూ ఉండేవి.

తవ్వకం, స్టీలు, కాంక్రీటు గురించి పెద్దగా చెప్పుకోవలసినది లేదు. రెండడుగుల ఎర్రమట్టి, దాని కింద మొరం, నాలుగున్నర అడుగుల దగ్గర రాయి తగిలాయి. రాయి తగులుతుందని ముందే అనుకున్నాము కాబట్టి బ్రేకర్‌కు వేరుగా డబ్బు పక్కన పెట్టుకున్నాము; కానీ ఆ చప్పుడు ఆరు రోజులు సాగుతుందని ఇరుగుపొరుగు వారికి ముందుగా చెప్పి ఉండవలసింది. రాఫ్ట్ (అంటే పూల్ అడుగు పలక), గోడలు రెండూ 200 మిల్లీమీటర్ల మందంతో ఎం30 రకం కాంక్రీటుతో పోశాము. పైపుల్లో ఒకరోజంతా ప్రెషర్ నిలిపి చూశాము, గేజి ముల్లు కదలలేదు. 75 రోజుల్లో అప్పగిస్తానన్న కాంట్రాక్టరు ఇప్పుడు రోజుల ప్రసక్తి తీసుకురావడం మానేశాడు.

ఇక అసలు కథ. నీటిని నిలిపే కాంక్రీటు కట్టడాలకు భారతీయ ప్రమాణం ఐఎస్ 3370 చెప్పే పద్ధతినే నేనూ పాటించాను. నిండుగా నీరు పెట్టి, కాంక్రీటు పీల్చుకోవలసినది పీల్చుకోవడానికి ఏడు రోజులు వదిలేసి, ఆ తరువాత ఏడు రోజులు ప్రతి 24 గంటలకు మట్టం రాసుకోవాలి. గాలికి నీరు కదులుతుంటే మిల్లీమీటర్లు దొరకవు కనుక 110 మిల్లీమీటర్ల పీవీసీ పైపు ముక్కకు అడుగున నాలుగు రంధ్రాలు పెట్టి, మెట్టుకు బిగించి, దాని లోపల స్టీలు స్కేలు నిలబెట్టాను. లోపలి నీరు గాజుపలకలా నిలుస్తుంది. బకెట్ కోసం ఇరవై లీటర్ల ఖాళీ పెయింటు డబ్బా తీసుకుని, తేలకుండా అడుగున రాళ్ళు వేశాను. మూడోరోజు బకెట్‌లో ఏకంగా 11 మిల్లీమీటర్లు తగ్గితే ఎండ ముదిరిందనుకున్నాను. మరునాడు కాకి ఒకటి అందులో స్నానం చేస్తుండగా చూసి ఆ అంకెను కొట్టివేశాను. మిగతా ఆరు రోజులూ పూల్ 23, బకెట్ 7. ఒకటి రెండు రోజులు మాత్రం 22.

మొదటి అనుమానం సహజంగానే పైపుల మీదికి వెళ్ళింది. పంపు ఎనిమిది గంటలు నడిపిన రోజున 23, అసలు నడపని రోజున 23. నీటిని పూల్‌లోకి తిరిగి నెట్టే రిటర్న్ పైపుల్లో కారుతుంటే పంపు నడిచిన రోజున ఎక్కువ పోవాలి కదా. ఆ పైపుల మూతులైన ఇన్‌లెట్లకూ, పైనీటి చెత్తను లాగే స్కిమ్మర్‌కూ, అడుగునున్న రెండు మెయిన్ డ్రెయిన్లకూ రబ్బరు బిరడాలు బిగించి చూసినా 22 దగ్గరే ఆగింది. పైపులు నిర్దోషులని తేలింది.

రెండో అనుమానం రాఫ్ట్‌కూ గోడకూ మధ్యనున్న జాయింట్ మీద. మేమిద్దరం, అంటే నేనూ మేస్త్రీ, ఇక్కడే బోల్తా పడ్డాము. రాఫ్ట్ పోసిన తొమ్మిది రోజులకు గానీ గోడలు పోయలేదు. మధ్యలో నీటిని ఆపే పీవీసీ పట్టీ, అంటే వాటర్‌స్టాపర్, పెట్టినా, ఒక మూలన అది వంగి ఉండటం నేను కళ్ళారా చూశాను. అందుకే కారేది అక్కడేనని నమ్మాను. నీరంతా తోడి మామిడి మొక్కలకూ పక్క ప్లాటుకూ పారించి, జాయింట్ వెంట 25 మిల్లీమీటర్ల లోతున వీ ఆకారంలో గాడి కొట్టించి, ఆరాక కుంచించుకుపోని నాన్‌ష్రింక్ గ్రౌట్ నింపి, దాని మీద సికాటాప్ సీల్ 107 అనే వాటర్‌ప్రూఫ్ పూతను రెండు చేతులు పూయించాము. ఆ సరుకు మీద నాకు ఫిర్యాదు లేదు. సిమెంటు ఆధారంగా రెండు భాగాలు కలిపి పూసే పూతల్లో చేతికి ఇంత చక్కగా లొంగేది నేను ఇంకొకటి వాడలేదు. పన్నెండు రోజులు, ఆరు ట్యాంకర్లు ఖర్చయ్యాయి. మళ్ళీ నింపి చూస్తే పూల్ 22, బకెట్ 7. పన్నెండు రోజుల శ్రమకు దక్కింది ఒకే ఒక్క మిల్లీమీటరు, అదీ నా కొలతలో ఉండే పొరపాటుకు లోబడినదే. ఆ సాయంత్రం మా అమ్మ గట్టు మీద కూర్చుని, "బావి తవ్వినవాడికి నీళ్ళు పడలేదని బాధ, నీకేమో పోసిన నీళ్ళు నిలవడం లేదని బాధ" అంది.

మొదటే చేయవలసిన పనిని అప్పుడు చేశాను. సబ్‌మెర్సిబుల్‌తో మట్టాన్ని 150 మిల్లీమీటర్ల చొప్పున దించుతూ, దించిన ప్రతిసారీ బకెట్‌ను కూడా అందుకు తగిన మెట్టు మీదికి మార్చి, ఒక్కో మట్టం దగ్గర 24 గంటలు ఆగి కొలిచాను. ఆవిరిని తీసివేస్తే నిండు మట్టం దగ్గర 15 మిల్లీమీటర్లు, 150 దిగాక 13, 300 దిగాక 10, 450 దిగాక 5, 600 దిగాక 1 వచ్చాయి. అంకెలను కాగితం మీద ఒకదాని కింద ఒకటి రాసి చూడగానే రెండు విషయాలు కొట్టొచ్చినట్లు కనిపించాయి. నిజంగా జాయింటే కారుతుంటే, అది అడుగున ఉంది కాబట్టి 600 దిగినా కారడం ఆగదు. పైగా రంధ్రం నుంచి నీరు పోయే వేగం దానిమీదున్న నీటి ఎత్తుకు వర్గమూలంగా మారుతుంది. ఎత్తు నాలుగో వంతైతే వేగం సగమవుతుంది. రంధ్రం నిండు మట్టానికి 500 మిల్లీమీటర్ల కింద ఉందని అనుకుని లెక్క వేస్తే 15, 12.5, 9.5, 4.7, సున్నా రావాలి. నా అంకెలు దాదాపు అవే. మా పూల్‌లో సరిగ్గా 500 మిల్లీమీటర్ల లోతున ఉన్నవి రెండే రెండు: గోడల్లో లైట్లు బిగించిన రెండు డబ్బాలు.

మళ్ళీ నింపించి, ఇరవై మిల్లీలీటర్ల సిరంజిలో ఎర్రని ఫుడ్ కలర్ నింపుకుని దిగాను. రంగు పరీక్షకు నీరు పూర్తిగా నిశ్చలంగా ఉండాలి. మన ఊపిరికి కూడా కదులుతుంది. తూర్పు గోడలోని లైటును మరలు విప్పి, చుట్టిపెట్టిన కేబులుతో సహా గట్టు మీద పెట్టాను. డబ్బా అంచుకూ కాంక్రీటుకూ మధ్య వదిలిన రంగు పొగలా అక్కడక్కడే తేలింది. డబ్బా లోపల, కేబులు వెళ్ళే కరెంటు పైపు మూతి దగ్గర వదిలిన చుక్క మాత్రం నూలుపోగులా సాగి, వంపు తిరిగి, ఒక్క గుటకలో లోపలికి పోయింది. మూడుసార్లు వదిలాను, మూడుసార్లూ అంతే. పడమటి లైటు దగ్గర అలాంటి కదలికేమీ కనిపించలేదు.

మట్టం దించి, ఆ గోడ వెనుక మూడడుగుల గొయ్యి తీయించాము. రెండడుగుల దాకా మొరం పొడిగా, దుమ్ములా ఉంది. ఆ తరువాత పారకు ముద్దలుగా అంటుకుంది. గోడ నుంచి నాలుగు వేళ్ళ దూరంలో పైపు పైకి తిరిగే ఎల్బో కనిపించింది. నేను చేత్తో పట్టుకుని కాస్త లాగగానే ఊడి వచ్చింది. పైపు కొసకు రంపం కోసిన నూగు అలాగే ఉంది, పైపులను అతికించే సొల్యూషన్ పూసిన మెరుపు ఎక్కడా లేదు. ఎలక్ట్రీషియన్ ఇంటి గోడల్లో వైరింగు చేసినట్లే ఎల్బోను ఊరికే దూర్చి మట్టి కప్పేశాడు. ఇంటి గోడలో అది తప్పు కాదు. పూల్ లైటు పైపులో మాత్రం నీరు పూల్ మట్టం దాకా ఎప్పుడూ నిండి ఉంటుందని అతనికి ఎవరూ చెప్పలేదు. నేను కూడా చెప్పలేదు. ప్లంబరు పని అంతటికీ ప్రెషర్ పెట్టి చూసిన మనిషిని, కరెంటు పైపును కరెంటు పనిగానే లెక్కగట్టాను. ఒక బిరడా, ఒక చేతిపంపు ఉంటే అరగంటలో తేలిపోయేది.

ఇప్పుడు ఆ ముక్కంతా తీసివేసి, మందమైన ప్రెషర్ పైపు వేసి, ప్రతి జాయింటుకూ సొల్యూషన్ పూయించి, నీటి మట్టానికి పైన ఉన్న జంక్షన్ బాక్సు దాకా ఒకే వరుసగా తీసుకువెళ్ళాము. డబ్బా లోపల కేబులు చుట్టూ ఎంసీల్ పెట్టమని మేస్త్రీ సలహా ఇచ్చాడు కానీ నేను వద్దన్నాను. రేపు లైటు మార్చవలసి వస్తే ఆ ముద్దను ఉలితో కొట్టాలి. బదులుగా కేబులును చుట్టూ బిగించి పట్టే రబ్బరు గ్లాండ్ పెట్టాము. లైట్లు 12 వోల్టులవే అయినా లైనుకు, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించాను.

మిగిలిన రెండు మిల్లీమీటర్ల సంగతి ఇంకా తేలలేదు. బకెట్ అంచు గాలిని అడ్డుకుంటుంది కనుక అందులో ఆవిరి పూల్ కంటే కొద్దిగా తక్కువగానే ఉంటుంది. 600 దిగాక కూడా ఒక మిల్లీమీటరు తేడా కనిపించడానికి కారణం అదే కావచ్చు. మిగతా ఒక్క మిల్లీమీటరు విషయంలో నా అనుమానం పడమటి లైటు మీద. రంగు కదలకపోయినా ఆ ఎల్బోను దూర్చినవీ అవే చేతులు కదా. ఆదివారం దాని వెనుక కూడా తవ్విస్తాము. ఏమీ దొరకకపోతే మట్టం మరోసారి 600 దించి కొలుస్తాను.

టైల్స్ పెట్టెలు షెడ్డులో సిద్ధంగా ఉన్నాయి. మామూలు సిమెంటు గ్రౌట్ చాలునని కాంట్రాక్టరు అంటున్నాడు. క్లోరినూ యాసిడూ తగిలే చోట నేను ఎపాక్సీ తప్ప మరొకటి వాడనివ్వను, ఎంత ఖర్చైనా సరే. గట్టుకు కడప బండ వేద్దామని మా ఆవిడ అంటోంది, కానీ ఆ నలుపు మీద మే నెల మధ్యాహ్నం అడుగు మోపలేము. తాండూరు బండను పాలిష్ లేకుండా వేయాలని నా ఆలోచన. అది సున్నపురాయి కాబట్టి యాసిడ్ డబ్బాను మాత్రం దాని దరిదాపులకు రానివ్వకూడదు. వానలు మొదలయ్యేలోపు టైల్స్ పూర్తయి పూల్ నిండి ఉండాలి. ఖాళీ పూల్ చుట్టూ నేల నానితే అడుగున ఒత్తిడి పెరిగి రాఫ్ట్‌నే పైకి లేపగలదు. మెయిన్ డ్రెయిన్‌లో ఆ ఒత్తిడిని వదిలే రిలీఫ్ వాల్వు ఉంది గానీ, దాన్ని నమ్ముకుని జూలైలో నీరు తోడే ధైర్యం నాకు లేదు. టైల్స్ మేస్త్రీ సోమవారం వస్తానన్నాడు. గురువారం దాకా రావద్దని ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాను.