డిజైర్ టైర్లు వేసుకున్న ఎంజీబీ

మా మేనమామ కారుకి టైర్లు మార్చాలన్న పనిని రెండేళ్లుగా వాయిదా వేస్తూ వచ్చాను. చూసిన ప్రతివాడూ "గ్రిప్పు నిండుగా ఉందిగా, ఎందుకు దండగ" అనేవాడు మరి. కారు 1967 ఎంజీబీ, ఇంగ్లండ్ స్పోర్ట్స్ కారు, రెండు సీట్లది, టాప్ తీసేసి తిరిగేది, తీగల చక్రాలది. మామయ్య ఎప్పుడో చెన్నైలో కొన్నాడు. ఆయన మోకాళ్లు మొరాయించాక ("దాంట్లోకి దిగడం వస్తోంది గానీ పైకి లేవడం రావట్లేదురా" అన్నాడు) తాళం నా చేతికొచ్చింది. ఏడాదికి వెయ్యి కిలోమీటర్లు తిరిగితే గొప్ప. అలా తిరిగే బండికి టైర్లు అరగవు, ఎండిపోతాయి. బెజవాడ ఎండలో రేకుల షెడ్డు కింద పన్నెండు నెలలూ నిలబడితే మనిషే ఎండిపోతాడు, రబ్బరెంత.

మొన్న జూలైలో మంగళగిరి నుంచి వస్తూ కనకదుర్గ వారధి ఎక్కాను. పెద్ద వాన కూడా కాదు, అప్పుడే మొదలైన సన్నజల్లు. నలభై స్పీడులో ఉన్నానేమో, ముందు ఆటో ఆగితే బ్రేకు మీద కాలేశాను, అంతే, బండి వెనక భాగం నన్ను దాటి ముందుకెళ్దామన్నట్టు పక్కకొచ్చింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఇంటికొచ్చి టార్చ్ పెట్టి టైరు పక్క గోడ మీద తేదీ వెతికాను. డాట్ అనే అక్షరాల తర్వాత వచ్చే కోడ్‌లో చివరి నాలుగు అంకెలే తేదీ, మొదటి రెండు వారం, తర్వాతి రెండు ఏడాది. నా టైర్ల మీద 3411 అని ఉంది, అంటే 2011లో 34వ వారం. గ్రిప్పు, అంటే గాడుల లోతు, కొలిస్తే 6 మిల్లీమీటర్లుంది, చట్టం అడిగేది 1.6. కాగితం మీద చూస్తే కొత్త టైరు. గోరుతో గుచ్చితే మాత్రం చెక్కలా ఉంది, గాళ్ల అడుగున దువ్వెన పళ్లలాగా సన్నటి పగుళ్లు. మిషెలిన్ లాంటి కంపెనీలు కూడా తయారైన పదేళ్లకి టైరు ఎంత బాగా కనిపించినా తీసేయమనే చెబుతాయి. నిండు గ్రిప్పుని చూసి మోసపోయింది నేనే.

సరే, ఏ సైజు? ఈ కారు 1962లో వచ్చినప్పుడు 5.60-14 క్రాస్‌ప్లై (లోపలి దారాలు ఏటవాలుగా ఒకదాని మీదొకటి వేసిన పాత రకం) టైర్లతో వచ్చింది, తర్వాత ఇప్పటి రకమైన రేడియల్ సైజులు 155, 165 వచ్చాయి. నా బండికి ఉన్నది 165 ఆర్14, అంటే వెడల్పు 165 మిల్లీమీటర్లు, ఆర్ అంటే రేడియల్, రిమ్ము 14 అంగుళాలు. మధ్యలో గీత, ఇంకో అంకె లేకుండా ఇలా రాసుంటే ఆ టైరు పక్క గోడ ఎత్తు వెడల్పులో దాదాపు 80 శాతం అనుకోవాలి. అది తెలియకపోతే ఏమవుతుందో ఆటోనగర్‌లో మొదటి షాపులోనే అర్థమైంది. "165 ఆర్14 ఉందా" అని అడిగాను, "ఎందుకు లేదన్నా" అంటూ లోపల్నుంచి దొర్లించుకొచ్చాడు. అంకెలు అవే, చివర ఎల్‌టీ అని ఉంది. అది చిన్న గూడ్స్ బండికి వేసే టైరు! పక్క గోడలు ఇటుక గోడలంత గట్టి, బరువు మోయడానికి చేసినవి. నా కారు మొత్తం బరువు టన్ను కూడా లేదు, దానికి ఇది వేస్తే ప్రతి గుంతా నేరుగా నా వెన్నుపూసకే లెక్క చెబుతుంది.

రెండో షాపులో 175/65 ఆర్14 చూపించి "ఇదే వేస్తున్నారండీ అందరూ, వెడల్పుగా నిలబడుతుంది, లుక్కు అదిరిపోద్ది" అన్నారు. ఫోన్ తీసి లెక్కేశాను. 165/80 టైరు మొత్తం వ్యాసం సుమారు 620 మిల్లీమీటర్లు, ఇది 583. అంటే ముప్పై ఆరేడు మిల్లీమీటర్లు చిన్నది. బండి దాదాపు 18 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది, ఇప్పటికే స్పీడ్ బ్రేకర్ల దగ్గర సైలెన్సర్ గీసుకుంటూ దండం పెట్టుకుని దాటే బండి. పైగా స్పీడోమీటర్ 100 చూపించినప్పుడు నిజానికి 94లో ఉంటాం, ఇంజిన్ మాత్రం ఎక్కువ తిరుగుతూ ఉంటుంది. వద్దన్నాను.

185/70 మీద మాత్రం నాకూ మనసు లాగింది, అబద్ధం ఎందుకు. వ్యాసం 5 మిల్లీమీటర్లే తేడా, ఎంజీబీలకి చాలామంది వేస్తారు కూడా. కానీ నా తీగల చక్రాల రిమ్ము వెడల్పు నాలుగున్నర అంగుళాలు, ఆ టైరుకి అది అట్టడుగు హద్దు, మధ్యలో ఉబ్బి కూర్చుంటుంది. పవర్ స్టీరింగ్ లేదు, పార్కింగ్‌లో తిప్పడానికి భుజాలు పోతాయి. వెనక ఫెండర్ అంచుకి రాసుకునే ప్రమాదం ఒకటి. అన్నిటికంటే ముఖ్యం, టైరు ఎక్కువ పట్టు పడితే ఆ భారమంతా తీగల మీదా బేరింగుల మీదా పడుతుంది. సన్నటి టైరు జారేముందు చేతికి చెబుతుంది, మెల్లగా జారుతుంది. ఈ కారుని తీర్చిదిద్దినవాళ్లు ఆ సన్న టైరునే మనసులో పెట్టుకున్నారు, దాన్ని వెడల్పు చేసి మనం బాగుచేసేదేమీ లేదని నా అభిప్రాయం. లుక్కు కోసం వేసుకునేవాళ్లతో నాకు పేచీ లేదు.

విదేశాల్లో అయితే పాత కార్ల కోసమే పాత డిజైన్‌లో కొత్త రబ్బరుతో టైర్లు చేస్తారు. పిరెల్లి సింటురాటో ఇప్పటికీ ఆ పాత అచ్చులోనే దొరుకుతుంది. తెప్పిద్దామని రెండు రాత్రులు కూర్చుని వెతికాను. 2020 జూన్ నుంచి కొత్త టైర్ల దిగుమతి మీద ఆంక్షలున్నాయి, లైసెన్సు కావాలి, ఐఎస్ఐ మార్కు గొడవ వేరే. నాలుగు టైర్ల కోసం ఢిల్లీ ఆఫీసులకి ఉత్తరాలు రాసే ఓపిక నాకు లేదు.

ఇంతలో మా వీధి చివర ట్యాక్సీ డిజైర్ ఆగి ఉంటే ఊరికే వంగి చూశాను. 165/80 ఆర్14 85టీ! నిజం చెప్పాలంటే మొదట కొంచెం చిన్నతనంగా అనిపించింది. ఇంగ్లండ్ స్పోర్ట్స్ కారు, క్రోమ్ బంపర్లు, దానికి ఎయిర్‌పోర్టు ట్యాక్సీ టైర్లా అని. కానీ లెక్కలన్నీ సరిపోయాయి. 85 అంటే ఒక్కో టైరు 515 కిలోలు మోస్తుంది, టీ అంటే గంటకి 190 కిలోమీటర్లు తట్టుకుంటుంది, నా బండి కొత్తలో గట్టిగా తొక్కితే 165 దరిదాపుల్లో పోయేదట, ఇప్పుడు నేను 90 దాటితే మామయ్యకి ఎలాగో తెలిసిపోతుంది. రాష్ట్రంలో ఏ ఊళ్లో అడిగినా దొరికే సైజు.

ఒక షాపులో మంచి రేటు చెప్పారని పొంగిపోయి, బిగించే ముందు తేదీ చూస్తే నాలుగేళ్ల పాత సరుకు. "స్టోరేజ్‌లోనే ఉందండీ, ఎండ తగల్లేదు" అన్నాడాయన. కావచ్చు, కానీ నేను ఏడాదికి వెయ్యి కిలోమీటర్లు తిరిగేవాణ్ణి, నాకు అయిపోయేది గ్రిప్పు కాదు, వయసు. అడ్వాన్సు వెనక్కి తీసుకోవడానికి అరగంట పట్టింది. ఇంకో చోట మూడు నెలల క్రితం తయారైనవి దొరికాయి, నాలుగూ కలిపి ఇరవై వేలకి అటూ ఇటూ.

బిగించడం ఇంకో కథ. తీగల చక్రంలో తీగల తలలు రిమ్ము లోపలికి వస్తాయి, గాలి నిలవదు, కాబట్టి ట్యూబ్ తప్పదు. "ట్యూబ్‌లెస్ టైర్లో ట్యూబ్ ఏంటి బాబూ" అని షాపులో కుర్రాళ్లు నవ్వుకున్నారు. ఓనరు పెద్దాయన మాత్రం నవ్వలేదు, అంబాసిడర్ల కాలం మనిషి. టైరు లోపల అంటించిన స్టిక్కర్లన్నీ దగ్గరుండి పీకించాడు, అవి ట్యూబ్‌ని రాసి రాసి పంచర్ చేస్తాయి. రిమ్ము చుట్టూ రబ్బరు పట్టీ కొత్తది వేయించి, పౌడర్ చల్లించి, ముందు కొంచెం గాలి కొట్టి, మొత్తం తీసేసి, మళ్లీ కొట్టించాడు, ట్యూబ్‌లో మడత ఉంటే విప్పుకుంటుందని. నేను ఆయనకి చెప్పగలిగింది ఒక్కటే, గాలి. కుర్రాడు అలవాటుగా 35 పెట్టబోతుంటే ఆపాను. ఈ కారు పుస్తకం ప్రకారం రేడియల్‌కి ముందు 21, వెనక 24. "అది పంచరయిన టైరు లెక్క సార్" అన్నాడు. చివరికి 24, 26 దగ్గర రాజీ పడ్డాం.

వారం తర్వాత వాన పడుతున్నప్పుడు కావాలనే వారధి మీదికి వెళ్లాను. వెనక ఎవరూ లేరని చూసుకుని అదే చోట బ్రేకు తొక్కాను. ఆగింది. వంకర లేకుండా ఆగింది. స్టీరింగ్ కూడా తేలికైంది, గతుకుల మీద ఆ పాత గడగడ సగానికి పైగా పోయింది.

స్టెప్నీ మిగిలింది. డిక్కీలో ఉన్నది మామయ్య కొన్నప్పటి క్రాస్‌ప్లై, దాన్ని రేడియల్ పక్కన అదే ఇరుసుకి వేయకూడదు. ఐదో టైరు కొన్నాను గానీ ట్యూబులు చెన్నై నుంచి ఐదు చెబితే నాలుగే వచ్చాయి. ట్యూబ్ టైరు పంచరయితే గాలి ఒక్కసారిగా పోతుంది కాబట్టి అది వచ్చేదాకా మంగళగిరి దాటి వెళ్లట్లేదు.