మైలుతుత్తం రంగు సీరం

పోయిన ఆదివారం మా పిన్ని కూతురు గాజువాక నుంచి వచ్చింది. కాఫీ తాగుతూ బ్యాగులోంచి చిటికెన వేలంత గాజుసీసా తీసింది. అడుగున నీలం పొడి. "కాపర్ పెప్టైడ్ అక్కా. నీళ్లలో కలిపి సూదితో ఎక్కించుకుంటే ముడతలు పోతాయంట" అంది. కళ్లద్దాలు పెట్టుకుని చూశాను. తయారుచేసినవాళ్ల పేరు లేదు, బ్యాచ్ నంబరు లేదు. 'పరిశోధనకు మాత్రమే' అని మాత్రం చీమల బారులా రాసుంది. నా గుండె ఝల్లుమంది.

పెప్టైడ్లంటే నాకేమీ పడక కాదు. ఏడాదిగా నేనూ కాపర్ పెప్టైడ్ సీరం రాసుకుంటున్నాను. అరచేతిలో చుక్క వేస్తే అచ్చం మైలుతుత్తం రంగు. రెండింటికీ ఆ రంగు రాగి వల్లే. కాపర్ పెప్టైడ్ అంటే మూడు అమైనో ఆమ్లాల (ప్రొటీన్లు వీటితోనే తయారవుతాయి) చిన్న గొలుసు, రాగిని పట్టుకుని ఉంటుంది. 1973లో లోరెన్ పికార్ట్ అనే అమెరికా శాస్త్రవేత్త మనిషి రక్తంలోనే దీన్ని కనిపెట్టాడు. నా మటుకు కళ్ల కింద చర్మం కాస్త నునుపైంది. ముడతలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

మొదట్లో నేనూ తొందరపడ్డాను. ఒకే రాత్రి విటమిన్ సి, దానిమీద ఈ సీరం, ఆపైన రెటినాల్ (విటమిన్ ఎ రకం). మూడోరోజు తెల్లారి ఆర్‌కే బీచ్‌లో నడుస్తుంటే, చెమట జారిన చోటల్లా కారం పూసినట్టు మంట. బుగ్గలు కందిపోయి, చల్లటి నీళ్లు తగిలినా చురుక్కుమన్నాయి. డాక్టరమ్మ అన్నీ మాన్పించి రెండు వారాలు మాయిశ్చరైజరు, సన్‌స్క్రీన్ మాత్రమే రాయమన్నారు. "అన్నీ కలిపి పూస్తే ఏది పడలేదో నేనెలా చెప్పనమ్మా?" అన్నారు.

అప్పటినుంచి ఏదైనా కొత్తది కొంటే ముందు మోచేతి మడతలో రోజుకు రెండుసార్లు, వారం పదిరోజులు రాసి చూస్తాను. ఏమీ కాకపోతేనే మొహానికి, అదీ ఒక్కటే. విటమిన్ సి పొద్దున, నీలం సీరం రాత్రి. మన విశాఖ ఉక్కకి సీసా కిటికీ దగ్గర పెట్టను.

చెల్లికి ఇదంతా చెప్పాను. పైన రాసింది పడకపోతే కడిగేసుకోవచ్చు, సూదితో లోపలికి పోయిందాన్ని ఎలా తీస్తామే అన్నాను. అందులో ఏం కలిసిందో, ఎంత శుభ్రంగా చేశారో ఎవరికి తెలుసు? తను చాలాసేపు మాట్లాడలేదు. వెళ్లేటప్పుడు ఆ సీసా నా దగ్గరే వదిలేసి, నా సీరం కొంచెం అడిగింది.

నిన్న ఫోన్ చేసింది. మోచేతికి రాయడం మొదలుపెట్టి మూడో రోజట.