1869లో పోయినవాడి పాటకి నాకు హక్కుల నోటీసు

ఇవాళ మధ్యాహ్నమే మెయిలొచ్చింది, నెట్‌లో పెట్టిన నా పియానో వీడియో మీద వేసిన క్లెయిము, అంటే ‘ఇది మా సొత్తు’ అన్న ఫిర్యాదు, ఎత్తేశారట. ఆరు వారాలు తిన్నారు నన్ను.

అమ్మాయిని పియానో క్లాసులో దింపి కార్లో ఊరికే కూర్చోలేక నేనూ నేర్చుకున్నదాన్ని. పంతొమ్మిదో శతాబ్దంలో అమెరికా ఇళ్ళ ముందుగదుల్లో ఆడపిల్లలు వాయించిన పాటలంటే నాకు పిచ్చి. అందులోనూ గాట్‌షాక్ అనే పియానో విద్వాంసుడు కట్టినవి. న్యూ ఆర్లీన్స్‌లో 1829లో పుట్టాడు. పారిస్ కన్సర్వేటరీ అనే సంగీత కళాశాలలో చేరబోతే, అక్కడివాళ్ళు అమెరికావాడని పరీక్షైనా పెట్టకుండా పంపేశారు. అలాంటి ఆఫీసులు అప్పుడూ ఉన్నాయన్నమాట.

వాయించడానికి స్వరాలు రాసిన కాయితాలు దొరకడం ఒక పూట పని. జాన్స్ హాప్కిన్స్ వాళ్ళ లెవీ సేకరణ చూడండి, పాత షీట్ మ్యూజిక్, అంటే అచ్చైన స్వరాల కాయితాలు, ఉచితంగా కనిపిస్తుంది. సాధన మూణ్ణెల్లు. రికార్డింగు ఫోన్లో, ఒక్క టేకు.

గాట్‌షాక్ పాట ‘ది డయింగ్ పోయెట్’ పెట్టిన పది నిమిషాలకే నోటీసు: ఇది ఫలానా కంపెనీ రికార్డింగు, ప్రకటనల డబ్బు వాళ్ళదే. చూసినవాళ్ళు నలభైమూడు మంది, ఇంక ఆ డబ్బెంతో మీరే లెక్కేసుకోండి. మా ఆయన ఫోన్ చూసి, "నిజంగా నువ్వే వాయించావా?" అన్నారు. ఇరవై రెండేళ్ళ కాపురం!

అభ్యంతరం పెట్టాను. సాక్ష్యంగా ఆ పాట షీట్ మ్యూజిక్‌కి 1864 నాటి అట్ట జతచేశాను. అక్కడే పడ్డాను గోతిలో. ఆ పాటని గాట్‌షాక్ ‘సెవెన్ ఆక్టేవ్స్’ అనే మారుపేరుతో అచ్చేయించాడు. ఫారంలో నేను రాసింది గాట్‌షాక్, అట్ట మీద ఉన్నది సెవెన్ ఆక్టేవ్స్. పేర్లు కలవలేదని తిప్పికొట్టారు, మళ్ళీ తప్పుడు అభ్యంతరం పెడితే అకౌంటు మూసేస్తామని బెదిరింపు కూడా. రేషన్ కార్డులో ఇంటిపేరు తప్పుపడ్డప్పుడు మా నాన్న తిరిగిన తిరుగుడే గుర్తొచ్చింది.

మీరు మాత్రం అట్టలూ చరిత్రలూ పంపకండి, ఎవరూ చదవరు. రెండోసారి నేను రాసింది రెండే ముక్కలు: "మీరు మీదంటున్న భాగంలో రెండో నిమిషం దగ్గర మా కుక్కర్ కూసింది. మీ స్టూడియోలో కూడా కుక్కర్ ఉందా?"

నాలుగు రోజుల్లో వదిలేశారు, క్షమాపణ లేదు. అయినా రికార్డింగుల్ని పోల్చి నోటీసులు పంపే ఆ యంత్రం నా వాయింపుని ఎవరో పెద్ద కళాకారుడిదనుకుందంటే నా చెయ్యి ఎలాంటిదో చూడండి. ఆ మాట మా ఆయనకి రెండుసార్లు వినిపించాను.

వచ్చే వారం ‘ది బాంజో’ పెడుతున్నా. పొయ్యి మీద కందిపప్పు పెట్టే వాయిస్తాను.