ఆగస్టు 29, ఒకటే మైకు

పొద్దున ఏడింటికే వాన పట్టుకుంది. బస్సులో కూర్చున్నంతసేపూ ఒకటే టెన్షన్. గ్రౌండు తడిస్తే పీఈటీ సార్ పోటీలు ఆగిపోతాయి. తడవకపోతే నా తెలుగు భాషా దినోత్సవానికి పిల్లలు మిగలరు. ఏటా ఇదే ఇబ్బంది. గిడుగు రామమూర్తి గారి జయంతి ఇవాళే, హాకీ ఆటగాడు ధ్యాన్‌చంద్ గారి జయంతీ, అంటే జాతీయ క్రీడా దినోత్సవమూ ఇవాళే. ఆయన 1863లో మా శ్రీకాకుళం జిల్లాలోని పర్వతాలపేటలో పుడితే, ఈయన 1905లో అలహాబాదులో పుట్టారు. మా బడిలో ఉన్నది ఒక్క మైకు. భోజనాల తర్వాత దొరికేవి మూడు పీరియడ్లు.

ఆగస్టు నెలంటే హైస్కూల్లో ఊపిరి సలపదు. జెండా పండగ హడావిడి అయ్యీ అవకముందే ఎఫ్ఏ-1 (ఏడాదిలో మొదటి చిన్న పరీక్ష) పేపర్లు దిద్ది మార్కులు ఎక్కించాలి. సైన్సు వాళ్ళు ఇన్‌స్పైర్ మనక్‌కి, అంటే బడిపిల్లల కొత్త ఆలోచనలకి కేంద్రం ఇచ్చే అవార్డుకి, పిల్లల ఐడియాలు పంపాలి. ఎంపికైతే పిల్లల ఖాతాలో 10,000 రూపాయలు పడతాయి, మా ఊళ్ళో అది చిన్న మొత్తం కాదు. పీఈటీ సార్‌కేమో మండల స్థాయి సెలక్షన్లు దగ్గర పడ్డాయి. ఎవరి తొందర వాళ్ళది. స్టాఫ్ రూములో సబ్జెక్టుకో బీరువా పెట్టుకున్నట్టే పిల్లల టైము కూడా పంచేసుకున్నాం. పదో తరగతి పబ్లిక్‌లో 600 మార్కులుంటే గ్రౌండుకి ఒక్కటీ లేదు. అందుకే సిలబస్ వెనకబడితే అందరి చూపూ డ్రిల్లు పీరియడ్ మీదికే పోతుంది. నేనూ తీసుకున్నాను, చాలాసార్లు. సార్ ఒక్క మాటా అనరు. బయటికి తెచ్చిన బంతుల్ని మళ్ళీ గదిలో పెట్టి తాళం వేసుకుంటారు. ఆ తాళం చప్పుడు వింటే నాకు మనసు బాగోదు.

పదకొండింటికి వాన తెరిపిచ్చింది. పిల్లలు కంచాలు పట్టుకుని లైన్లో నిలబడ్డ టైములో సార్ వచ్చారు. "మేడం, రెండూ ఒక్కచోటే పెట్టేద్దామా? కబడ్డీకి మీ పిల్లలు తెలుగులో కామెంట్రీ చెప్తారు" అన్నారు. వెంటనే సరే అనలేకపోయాను. ఏడో తరగతి వాళ్ళు రెండు వారాలుగా వేమన పద్యాలు బట్టీ పట్టారు, వాళ్ళ మొహాలు ఎలా చూడను? చివరికి ముందు పద్యాలు, తర్వాత ఆట అని అనుకున్నాం.

పద్యాలు బాగానే జరిగాయి. ఒక పిల్లాడు మూడో పాదం దగ్గర ఆగిపోతే వెనక కూర్చున్నవాళ్ళు అందించారు. ఈలోగా హెచ్ఎం గారు బురదగా ఉన్నచోట ఇసుక పోయించారు, సార్ ముగ్గుతో గీతలు గీశారు. ఫిజికల్ సైన్స్ మాస్టారు లోలకం ప్రయోగానికి వాడే స్టాప్ క్లాక్ పట్టుకొచ్చారు. కూతకి 30 సెకన్లే కదా, లెక్క కచ్చితంగా ఉండాలన్నారు. ఆ గడియారాన్ని పదో తరగతి కుర్రాడొకడు కోడిపిల్లని పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని, ఆట అయ్యేదాకా కళ్ళెత్తలేదు.

మైకు ముందు క్లాసు ఫస్టు వచ్చే అమ్మాయికిచ్చాను. "ప్రత్యర్థి జట్టు క్రీడాకారిణి మన ప్రాంగణమునందు ప్రవేశించుచున్నది" అని మొదలుపెట్టింది పాపం. తప్పు దానిది కాదు, నేను రాసిపెట్టినట్టే చదివింది. అది ఆ ముక్క పూర్తిచేసేలోగా కూతకొచ్చిన పిల్ల ఇద్దరిని ముట్టుకుని గీత దాటి వెళ్ళిపోయింది.

బెంచీ మీద తొమ్మిదో తరగతి అమ్మాయి కాలికి గుడ్డ కట్టుకుని కూర్చుంది. జట్టులో బాగా కూతకెళ్ళే పిల్ల, మొన్న ప్రాక్టీసులో చీలమండ బెణికింది. సార్ మైకు తీసుకెళ్ళి ఆ పిల్ల చేతిలో పెట్టారు. రెండు నిమిషాలు చప్పుడు లేదు. తర్వాత ఒక్కసారిగా "ఓలమ్మో, ఎలిపోనాది! బేగి పట్టండే! కాలట్టుకోయే, కాలు!" అంది. ఇక ఆగలేదు. ఎవరి కూత తెగింది, ఎవరు బోనస్ గీత తొక్కింది, ఎవరు భయపడి వెనక్కి జరిగింది, అన్నీ చెప్పేసింది. వంటవాళ్ళు గిన్నెలు తోమడం ఆపి వచ్చేశారు. గోడ అవతల పొలానికి పోయేవాళ్ళు సైకిళ్ళు దిగి నిలబడ్డారు.

నాకు మాత్రం గొంతు పట్టేసింది. ఆరో తరగతిలో ఈ పిల్ల నా క్లాసులో లేచి "ఏటి మేడం?" అంది. "ఏటి కాదమ్మా, ఏమిటి అనాలి" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆ తర్వాత మూడేళ్ళలో అది నా పీరియడ్లో తనంతట తాను లేచి మాట్లాడింది లేదు. దానికి రాదేమో అనుకున్నాను.

గిడుగు వారూ బడి మాస్టారే. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో చేరారు. కొండమీది సవర పిల్లలకి చదువు చెప్పాలని ముందు తను సవర భాష నేర్చుకున్నారు, సొంత డబ్బుతో వాళ్ళకి బడులు పెట్టారు. జనం నోట్లో ఉన్న భాషే పుస్తకంలోనూ ఉండాలని జీవితమంతా కొట్లాడారు. ఏటా ఈ రోజున ఇదంతా మైకులో చెప్పేది నేనే. ఇవాళ ప్రసంగం కాగితం పర్సులోంచి బయటికి తియ్యలేదు.

ఆట అయ్యాక దాని పక్కన కూర్చుని, "ఇందాక చెప్పిందంతా రాసిస్తావా అమ్మా, గోడపత్రికలో పెడదాం" అన్నాను. కాసేపు నా మొహంలోకి చూసింది.

"దిద్దేస్తారా మేడం?"

"అక్షరాలు తప్పితే దిద్దుతాను. మాట మార్చను."

నేను బస్సు ఎక్కేముందు చెల్లెలి చేత పరుగున కాగితం పంపింది, తను నడవలేదు కదా. నోటుపుస్తకంలోంచి చింపిన రెండు పేజీలు, ఒక మూల తడిసి సిరా అలుక్కుపోయింది. ఇప్పుడు ఎఫ్ఏ పేపర్ల కట్ట పక్కనే పెట్టుకున్నాను. ఎర్ర పెన్ను మూత తీసి చాలాసేపు చూశాను. 'బెణికింది'లో ణ బదులు న రాసింది. అదొక్కటే దిద్దాను.