చేనిలో వదిలి వచ్చిన సామాను

అనంతపురం వైపు ఊరికి దూరంగా ఉన్న మా చేనిలో గడ్డపార, తట్ట, పాత టార్పాలిన్ పట్ట వదిలి వచ్చినా ఎవరూ ముట్టుకోరు గాని, బోరు మోటారుకు వెళ్లే రాగి కేబులును మాత్రం నమ్మి వదలలేము. వ్యవసాయానికి త్రీఫేజ్ కరెంటు పగటిపూట 9 గంటలే ఇస్తారు కనుక, రాత్రి ఆ తీగను నిర్భయంగా కోయవచ్చన్న సంగతి దొంగలకు బాగా తెలుసు. స్టార్టరు పెట్టె నుంచి బోరు మూతి వరకు కోసుకుపోయి, ఏ వంకలోనో తొడుగు కాల్చి, రాగిని తూకానికి అమ్ముకుంటారు. పోయేది పెట్టె బయటి తీగే అయినప్పుడు పెట్టెకు ఎంత పెద్ద తాళం వేసినా ఒరిగేదేమీ లేదు. మేము కేబులును పైపులో దూర్చి మూరెడు లోతున పూడ్చాము. కోత అయ్యాక గొర్రెల కాపరులను పిలిచి చేనిలో మంద కట్టిస్తాము. ఎరువుకు ఎరువు, కాపలాకు కాపలా.