గూట్లో గ్లాసులు

దాళ్వా నాట్లకి ఈసారీ బెంగాల్ వాళ్లే వచ్చారు. పదో తరగతి చదివే మా అమ్మాయి వీడియోలు చూసి నేర్చుకున్న హిందీతో వాళ్లని గడగడా పలకరిస్తుంటే, గట్టు మీద నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. నా హిందీ పాస్ మార్కులతోనే ఆగిపోయింది మరి.

టీ పెట్టాక మా అత్తయ్యగారు అలవాటుగా పెరటి గూట్లో గ్లాసులు తియ్యమన్నారు. "అవి వేరేగా ఎందుకు మామ్మా?" అంది పిల్ల. "ఎప్పట్నించో అంతేనే" అన్నారావిడ. దాని వయసులో మా పుట్టింట్లో నాకూ ఇదే ప్రశ్న వచ్చింది. అడగలేదు. ఆడపిల్లకి ఉమ్మడి ఆస్తిలో వాటా అని మన రాష్ట్రంలో 1986లోనే చట్టం వచ్చినా, అన్నయ్య కాగితం ఇస్తే చదవకుండా సంతకం పెట్టేసిన మనిషిని నేను. (చదివితే బాగోదనిపించింది!)

అది వంటింట్లోంచి మేం తాగే గ్లాసులే పట్టుకెళ్లింది. నేను పళ్లెంలో నాలుగు కొబ్బరి లౌజులు పెట్టాను. నా ధైర్యం అంతవరకే.

ఇంటర్ అయితే హాస్టల్‌కి వెళ్తుంది. పక్క మంచం మీద ఏ రాష్ట్రం పిల్లో, ఏ మతం పిల్లో. తిండికి టెన్షన్ లేదు, ఆవకాయ పంపిస్తాను. "మీరెవరండీ?" అని ఎవరైనా అడిగితే మాత్రం (మనవైపు ఆ ప్రశ్న పేరు కోసం కాదుగా) నాలా నీళ్లు నమలకూడదు. అదే నా ఆశ.

సాయంత్రం గ్లాసులన్నీ తోమి ఒకే స్టాండులో పెట్టాను. అత్తయ్యగారు చూశారు. రాత్రి మజ్జిగ ఏ గ్లాసులో తాగారో, నేను చూడలేదు.